ఎయిర్ ఫ్రైయర్‌లో బన్నులు గట్టిగా ఎందుకొస్తాయి, మెత్తగా రావాలంటే ఏం చేయాలి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలియాలి కదా. మీది కావలి. కొత్తగా నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రైయర్ కొన్నారు. వీడియో చూసి మైదాతో బన్నులు చేస్తే పైన పెచ్చు కట్టాయి, విరిచి చూస్తే నడుమ పచ్చిపిండి. ఇంకో నాలుగు నిమిషాలు పెడితే పైన మాడింది. సాయంత్రానికి పిల్లలు కొరకలేనంత గట్టిపడ్డాయి. లోపం మెషిన్‌దా, పిండిదా? గోధుమ పిండితో చేయొచ్చా? బేకరీ బన్నంత మెత్తగా ఇంట్లో వస్తుందా? ఇవీ మీ ప్రశ్నలు.

మీ మెషిన్ బాగానే ఉందండీ. మెత్తటి బన్ను అందులో తప్పకుండా వస్తుంది. చేయాల్సింది ఇది: పిండి చేతికి కాస్త అంటుకునేంత తడిగా ఉండాలి. ఉండల్ని విడివిడిగా బుట్టలో పెట్టకుండా ఒక చిన్న కేక్ గిన్నెలో ఒకదానికొకటి ఆనించి పెట్టాలి. 150 డిగ్రీల మీద, మొదటి పన్నెండు నిమిషాలు ఫాయిల్ మూతతో కాల్చాలి. బయటికి తీసిన వెంటనే వెన్న రాసి గుడ్డ కప్పాలి. ఈ నాలుగూ చేస్తే మీ సమస్య చాలావరకు తీరిపోతుంది. గోధుమ పిండి సంగతి కింద విడిగా రాశాను.

నేను నెల్లూరులో ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద బన్నులు, పావ్‌లు చేస్తాను. పెద్ద ఆర్డర్లకి ఓవెన్ వాడతాను. ఇంట్లోకి, ఐదారు బన్నులు అడిగేవాళ్లకి ఎయిర్ ఫ్రైయరే. రెండిట్లోనూ అదే పిండి వాడతాను కాబట్టి తేడా ఎక్కడొస్తుందో నాకు బాగా తెలుసు.

అసలు సంగతి ఏమిటంటే, ఈ మెషిన్‌ని బన్నుల కోసం తయారు చేయలేదు. 2010లో ఫిలిప్స్ వాళ్లు బెర్లిన్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో దీన్ని మొదటిసారి చూపించినప్పుడు చెప్పుకున్న గొప్ప, తక్కువ నూనెతో కరకరలాడే ఉర్లగడ్డ వేపుడు. పైన కాయిల్ ఉంటుంది, దాని మీద ఫ్యాను ఉంటుంది. ఆ ఫ్యాను వేడి గాలిని చిన్న బుట్టలో గిరగిరా తిప్పుతుంది. ఆ గాలి వస్తువు పైనున్న తడిని లాగేస్తుంది, పైపొర కరకరలాడుతుంది. ఉర్లగడ్డకి, చికెన్ ముక్కకి కావాల్సింది అదే. బన్నుకి అదే పగ.

బన్ను వేడి తగిలిన మొదటి ఎనిమిది, పది నిమిషాల్లోనే చివరిసారి పొంగుతుంది. లోపలి గాలి బుడగలు వ్యాకోచిస్తాయి, నీళ్లు ఆవిరి అవుతాయి, ఈస్ట్ చచ్చిపోయేలోపు కాస్త గ్యాస్ వదులుతుంది. ఆ సమయంలో పైపొర మెత్తగా, సాగేటట్టు ఉండాలి. ఫ్యాను గాలికి అది మూడు నిమిషాల్లోనే ఆరి పెచ్చు కట్టేస్తే ఇక లోపలిది పొంగడానికి చోటుండదు. పొంగని పిండి దట్టంగా ఉంటుంది, దట్టమైన పిండిలోకి వేడి నెమ్మదిగా వెళ్తుంది, అందుకని నడుమ పచ్చిగా మిగిలిపోతుంది. పచ్చిగా ఉంది కదా అని మనం ఇంకాసేపు పెడతాం, ఉన్న కాస్త తడి కూడా పోతుంది. మీకు జరిగింది ఇదే. ఓవెన్ రెసిపీలో 180 డిగ్రీలు అని ఉంటే ఎయిర్ ఫ్రైయర్‌లో కనీసం 20, 30 డిగ్రీలు తగ్గించుకోవాలి. మీరు చూసిన వీడియోలో 180 అనే ఉండి ఉంటుంది.

అయితే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మెషిన్ గురించి కాదు, పిండి గురించి. మెత్తదనం పిండి కలిపేటప్పుడే తయారవుతుంది. మెషిన్ దాన్ని పాడు చేయకుండా చూసుకోవడమే మన పని.

చపాతీ చేయి వద్దు. మన ఇళ్లల్లో అందరికీ చపాతీ పిండి కలిపే అలవాటు ఉంటుంది. పిండి చేతికి అంటుకోగానే ఇంకో గుప్పెడు పొడి పిండి చల్లుతాం. బన్ను పిండికి ఆ పని చేస్తే అక్కడే గట్టి బన్ను ఖాయం. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ ఒక్క అలవాటు దగ్గరే ఆగిపోతారు. పిండి మొదటి ఐదు నిమిషాలు బంకబంకగా, చూస్తే భయమేసేట్టు ఉంటుంది. టెన్షన్ పడొద్దు. ఒక చుక్క నూనె చేతికి రాసుకుని, పొడి పిండి వేయకుండా పిసుకుతూ పోతే అదే గిన్నెని వదులుతుంది.

ఇప్పుడు కొలతలు. ఆరంగుళాల గుండ్రటి కేక్ గిన్నెకి సరిపోయే లెక్క ఇది, నాలుగు లీటర్ల బుట్టలో పడుతుంది. మొత్తం మైదా 150 గ్రాములు. పాలు 45 నుంచి 50 మి.లీ. పంచదార 15 గ్రాములు, అంటే తలకొట్టిన పెద్ద స్పూన్ కన్నా రవ్వంత ఎక్కువ. ఇన్‌స్టంట్ ఈస్ట్ 2 గ్రాములు, అంటే చిన్న స్పూన్‌లో మూడింట రెండొంతులు. ఉప్పు తలకొట్టి అర టీస్పూన్. వెన్న 15 గ్రాములు, ఒక పెద్ద స్పూన్. వీటితో పాటు 60 మి.లీ. నీళ్లు, అవి ఎందుకో ఇప్పుడు చెప్తాను. వంటింట్లో పెట్టుకునే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కోండి. కప్పుతో కొలిస్తే పిండిని అదిమి నింపారా, వదులుగా పోశారా అన్నదాన్ని బట్టి ఇరవై గ్రాములు అటూ ఇటూ అవుతుంది. 150 గ్రాముల పిండిలో ఇరవై గ్రాములు తేడా వచ్చిందంటే బన్ను స్వభావమే మారిపోతుంది.

పిండి గంజి. ఆ 150 గ్రాముల మైదాలోంచి 12 గ్రాములు, అంటే పెద్ద స్పూన్ నిండా తీసి, 60 మి.లీ. నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. సన్నటి సెగ మీద గరిటె తిప్పుతూ ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో చిక్కబడి, గరిటె పోయినచోట గీత నిలుస్తుంది. సుమారు 65 డిగ్రీల దగ్గర ఇలా అవుతుంది. దించి పూర్తిగా చల్లారనివ్వండి. చైనా వాళ్లు తాంగ్‌జాంగ్ అంటారు, జపాన్‌లో మరిగే నీళ్లు పోసి చేసే పద్ధతిని యుదానె అంటారు. పచ్చి పిండి పీల్చుకోలేనన్ని నీళ్లని ఉడికిన పిండి పట్టి ఉంచుకుంటుంది. అందువల్ల చేతికి మరీ అంటుకోకుండానే పిండిలోకి ఎక్కువ నీళ్లు ఎక్కించవచ్చు, ఆ నీళ్లు కాలిన తర్వాత కూడా బన్నులోనే ఉంటాయి. ఓవెన్‌లో చేసేవాళ్లు ఇది మానేసినా నడుస్తుంది. ఎయిర్ ఫ్రైయర్‌లో తడి త్వరగా పోతుంది కాబట్టి దీన్ని మానొద్దని గట్టిగా చెప్తాను. రెండో రోజు బన్ను మెత్తగా ఉందంటే దీని వల్లే.

చల్లారిన గంజి, మిగిలిన మైదా, పాలు, పంచదార, ఈస్ట్ కలిపి ముద్ద చేసి, మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈ ఇరవై నిమిషాలు ఊరికే పోవు. పిండి నీళ్లు పీల్చుకుని, సాగే గుణం దానంతట అదే సగం తయారవుతుంది, పిసికే కష్టం తగ్గుతుంది. తర్వాత ఉప్పు వేసి ఐదారు నిమిషాలు పిసకండి. ఆ తర్వాతే వెన్న. వెన్న ముందే వేస్తే పిండి రేణువులకి కొవ్వు పట్టి సాగుడు రావడానికి ఆలస్యమవుతుంది. వెన్న వేయగానే ముద్ద చెదిరిపోయినట్టు జారుడుగా అవుతుంది, కంగారు పడకుండా ఇంకో ఐదారు నిమిషాలు పిసికితే మళ్లీ కూడుకుంటుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, చిన్న ఉండ తీసి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా సాగదీయండి. చిరగకుండా, వెనక వేలి నీడ కనపడేంత పలచటి పొర రావాలి. రాకపోతే ఇంకా పిసకాలి. ఈ పొరే గాలి బుడగల్ని పట్టి ఉంచేది. ఇది లేకుండా ఎంత ఈస్ట్ వేసినా గ్యాస్ బయటికి పోతుంది, బన్ను గుల్లగా రాదు.

మన ఎండలకి రెసిపీ మార్చుకోవాలి. చలి దేశాల వంటలు చూసి చేసేవాళ్లు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. వాళ్లు గోరువెచ్చని పాలు అంటారు, గంటన్నర పొంగనివ్వమంటారు. వాళ్ల వంటిల్లు 20, 22 డిగ్రీలు ఉంటుంది. మన దగ్గర మే నెలలో ఎండ నలభై దాటుతుంది, వంటింట్లో మధ్యాహ్నం గిన్నె ముట్టుకుంటేనే వెచ్చగా ఉంటుంది. కలపడం అయ్యేసరికి పిండి ముద్ద 26, 27 డిగ్రీలు ఉంటే మంచిది. అందుకని ఎండాకాలం నేను ఫ్రిజ్‌లోంచి తీసిన పాలే పోస్తాను, ఈస్ట్ అర టీస్పూన్‌కి తగ్గిస్తాను. రోహిణి కార్తెలో అయితే గంజి కూడా ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి వాడతాను. ఈ కాలంలో ముద్ద ముప్పై ఐదు, నలభై నిమిషాల్లోనే రెట్టింపవుతుంది.

మా మేడ మీద అద్దెకున్న అమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. మొన్న మే నెలలో మీలాగే అడిగింది. బన్నులు పుల్లటి వాసన వస్తున్నాయి, గిన్నెలో ఉబ్బినవి కాల్చేటప్పుడు కూలిపోతున్నాయి అంది. వీడియోలో చెప్పినట్టే రెండు గంటలు ఉంచిందట, అదీ వెచ్చగా ఉండాలని వంటింట్లో కిటికీ పక్కన. ఆ ఎండకి పిండి పొంగడం ఎప్పుడో అయిపోయి, సాగుడు సడలిపోయి, పులిసిపోయింది. చల్లటి పాలు, తక్కువ ఈస్ట్, నీడపట్టున ముప్పావుగంట అని చెప్పాను. ఆ ఆదివారమే పళ్లెంలో పెట్టి కిందికి తెచ్చింది, చక్కగా వచ్చాయి. గడియారాన్ని నమ్మొద్దు, ముద్దని చూడండి. వేలికి పిండి అద్దుకుని గుచ్చితే గుంట నెమ్మదిగా, సగమే పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా సమయం కావాలి. అసలు పూడకపోతే, ముద్ద కుంగితే ఎక్కువైపోయింది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు. తుపాను ముసురు పట్టినప్పుడు ఇల్లు చల్లగా, గాలి తడిగా ఉంటుంది. అప్పుడు పిండి డబ్బాలో ఉన్న మైదా కూడా కాస్త చెమ్మ పడుతుంది, పాలు ఒక స్పూన్ తగ్గించి మొదలుపెట్టండి, అవసరమైతే తర్వాత పోయొచ్చు. ముద్ద పొంగడం ఆలస్యమైతే, ఆపేసి ఉన్న ఎయిర్ ఫ్రైయర్ బుట్టలో గిన్నె పెట్టి, పక్కన ఒక గ్లాసు వేడి నీళ్లు పెట్టి మూసేయండి. స్విచ్ మాత్రం వేయొద్దు. చాలా మెషిన్లలో కనీస వేడి 80 డిగ్రీలు, 60 దగ్గరికి పోతేనే ఈస్ట్ బతకదు.

ఈస్ట్ గురించి ఇంకో మాట. అంగట్లో కొన్న పాకెట్ విప్పాక క్లిప్పు పెట్టి అల్మారాలో పెడితే మన తేమకి త్వరగా బలం తగ్గుతుంది. గాలి చొరబడని చిన్న సీసాలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. అనుమానం ఉంటే గోరువెచ్చని పాలల్లో చిటికెడు పంచదార, కాస్త ఈస్ట్ వేసి చూడండి. పది నిమిషాల్లో పైన నురగ కట్టకపోతే పారేయండి. పాలు వేలు పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉండకూడదు.

నీళ్లు కూడా చూసుకోవాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు మా బంధువులు ఉన్నారు. అక్కడ వాళ్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాళ్లింట్లో పిండి ఎప్పుడూ ఆలస్యంగా పొంగేది, బన్ను బిరుసుగా ఉండేది. ఉప్పు ఈస్ట్‌ని నెమ్మది చేస్తుంది, నీళ్లలోని ఖనిజాలు ఎక్కువైతే పిండి సాగుడు బిగుసుకుంటుంది. క్యాన్ నీళ్లకి మారాక సరిపోయింది. పడమటగా, కనిగిరి వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల చాలా ఇళ్లల్లో ఎలాగూ ఆర్వో నీళ్లే. ఆర్వో నీళ్లతో ఇంకో రకం సంగతి: వాటిలో ఖనిజాలు తక్కువ కాబట్టి పిండి కొంచెం ఎక్కువ బంకగా అవుతుంది. ఒక స్పూన్ నీళ్లు తగ్గిస్తే చాలు. గంజికి కూడా మీరు తాగే నీళ్లే వాడండి.

సరే, ముద్ద పొంగింది. నెమ్మదిగా గాలి తీసి ఏడు ఉండలు చేయండి, ఒక్కోటి సుమారు 40 గ్రాములు వస్తుంది. ఉండని అరచేతి కింద బోర్లించి గుండ్రంగా తిప్పుతూ, అంచుల్ని కిందికి లాగుతూ చేయాలి. పైభాగం నున్నగా, బిగువుగా ఉండాలి, మడతలన్నీ కింద ఉండాలి. వెన్న రాసిన గిన్నెలో ఆరు చుట్టూ, ఒకటి నడుమ. ఉండల మధ్య అర వేలి మందం సందు ఉంటే పొంగి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఇలా ఆనించి పెట్టడం అందం కోసం కాదు. పక్కలకి గాలి తగలదు కాబట్టి అక్కడ పెచ్చు కట్టదు, విడదీస్తే పీచుపీచుగా ఊడొస్తుంది. పావ్‌లు పలకల్లాగా అతుక్కుని ఉండేది కూడా ఇందుకే. గిన్నె పైన తడిగుడ్డ కప్పి మళ్లీ పొంగనివ్వండి, ఎండాకాలం పాతిక నిమిషాలు, చలికాలం నలభై ఐదు. గుడ్డ ఉండలకి తగలకుండా చూడండి.

కాల్చడం. మెషిన్‌ని ఖాళీగా 150 డిగ్రీల మీద మూడు నిమిషాలు వేడి చేయండి. ఉండల మీద పాలు పలచగా రాయండి. ఫాయిల్ ముక్కకి లోపలివైపు వెన్న రాసి, ఉండలకి తగలకుండా గోపురంలా పైకెత్తి, అంచులు గిన్నె అంచు కిందికి మడిచి గట్టిగా నొక్కండి. ఇక్కడ అశ్రద్ధ చేయొద్దు. ఫాయిల్ వదులుగా ఉంటే ఫ్యాను గాలికి లేచి కాయిల్‌కి తగులుతుంది. తెలిసినవాళ్లింట్లో మెషిన్ వేడి చేసేటప్పుడే బుట్టలో బటర్ పేపర్ ఒక్కటే వేసి ఉంచారు. అది ఎగిరి కాయిల్‌కి అంటుకుని కాలింది, ఇల్లంతా పొగ. పేపర్ అయినా ఫాయిల్ అయినా పైన బరువు లేకుండా ఎప్పుడూ లోపల పెట్టకూడదు. గిన్నె కూడా పొట్టిది కావాలి. పొంగాక బన్ను నెత్తికి, కాయిల్‌కి మధ్య కనీసం రెండంగుళాల ఎడం ఉండాలి.

మూతతో 150 డిగ్రీల మీద పన్నెండు నిమిషాలు. ఈలోగా లోపలే పుట్టిన ఆవిరి మూత కింద ఉండి పైపొరని మెత్తగా ఉంచుతుంది, బన్ను పూర్తిగా పొంగుతుంది. తర్వాత ఫాయిల్ జాగ్రత్తగా తీసి, ఇంకోసారి పాలు రాసి, ఐదారు నిమిషాలు రంగు వచ్చేదాకా. నాలుగో నిమిషం నుంచి కనిపెట్టి చూడండి, పంచదార, పాలు ఉన్నాయి కాబట్టి రంగు ఒక్కసారిగా వస్తుంది. ముదురు గోధుమ రంగు దాకా ఆగొద్దు, లేత బంగారు రంగు చాలు.

ఎయిర్ ఫ్రైయర్‌లో వేడి పైనుంచే కాబట్టి అడుగు తెల్లగా, కాస్త తడిగా మిగులుతుంది. గిన్నెలోంచి పువ్వులా అతుక్కున్న బన్నులన్నిటినీ ఒక్కటిగా బోర్లించి తీసి, అడుగు పైకి వచ్చేట్టు రెండు నిమిషాలు పెడితే సరిపోతుంది. మూడు దాటనివ్వొద్దు. వంటింటి థర్మామీటర్ ఉంటే నడుమ బన్నులో గుచ్చి చూడండి, 90 డిగ్రీలు దాటితే ఉడికినట్టే. లేకపోతే సన్నటి పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు. మెషిన్‌కీ మెషిన్‌కీ తేడా ఉంటుంది, డయల్ మీద 150 అని ఉన్నా కొన్ని ఎక్కువ వేడిగా ఉంటాయి. మొదటిసారి పది నిమిషాలకే ఫాయిల్ అంచు ఎత్తి చూసుకోండి.

తీసిన వెంటనే, ఇంకా చేయి కాలేంత వేడిగా ఉన్నప్పుడే పైన వెన్న రాసి, పొడి నూలుగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు వదిలేయండి. లోపలి ఆవిరి పైపొరలోకి వచ్చి దాన్ని మెత్తబరుస్తుంది. తీసినప్పుడు పైన గట్టిగా అనిపించినా ఈ ఇరవై నిమిషాల్లో మారిపోతుంది. వేడిగా ఉండగానే విరిచి చూస్తే లోపల పచ్చిగా, బంకగా ఉన్నట్టే ఉంటుంది. మీరు నడుమ పచ్చిగా ఉందనుకున్నదాంట్లో కొంత ఇది కూడా అయ్యుండొచ్చు. ఉడికిన పిండి చల్లారాకే గట్టిపడి నిలుస్తుంది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఎయిర్ ఫ్రైయర్ 1200 నుంచి 1500 వాట్లు లాగుతుంది, ఇళ్లల్లో ఉండే మామూలు ఇన్వర్టర్ మీద పెట్టొద్దు. కాలుతుండగా కరెంటు పోతే బుట్ట లాగకండి, ఐదారు నిమిషాలు వేడి నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువైతే, అడుగు మందంగా ఉన్న వెడల్పు గిన్నెలో ఇసుకో దొడ్డుప్పో పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి స్టవ్ మీద బాగా వేడి చేసి అందులోకి మార్చండి. ఓవెన్లు లేని రోజుల్లో మన ఇళ్లల్లో కేకులన్నీ అలా చేసినవే. ఇంకా కాల్చడం మొదలుపెట్టకముందే పోతే నయం, గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొంగడం నెమ్మదిస్తుంది, రెండు మూడు గంటలు ఆగొచ్చు.

గోధుమ పిండి. పూర్తిగా గోధుమ పిండితో బేకరీ బన్నంత మెత్తగా రాదు, వస్తుందని చెప్పి మిమ్మల్ని ఆశ పెట్టను. గోధుమ పిండిలో ఉండే తవుడు ఆ పలచటి పొరని మధ్యమధ్యలో తెంపేస్తుంది. పైగా మరలో రాళ్ల మధ్య నలిగిన పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. సగం మైదా, సగం గోధుమ పిండి అయితే చాలా బాగుంటుంది, మా ఇంట్లోకి ఎక్కువగా అదే చేస్తాను. పాలు పదిహేను మి.లీ. పెంచండి, కలిపాక ఇరవై నిమిషాలకి బదులు నలభై నిమిషాలు నాననివ్వండి, తవుడు మెత్తబడుతుంది. రుచి మైదా బన్ను కన్నా నాకు ఇదే ఇష్టం. చేపల పులుసు మర్నాటికి మామిడికాయ పులుపు ముక్కకి పట్టి ఇంకా రుచిగా ఉంటుంది కదా, ఆ పులుసులో ఈ బన్ను ముంచుకుని మా పిల్లకాయలు అన్నం కూడా అడగరు.

ఈస్ట్ లేకుండా పెరుగు, వంటసోడాతో చేయొచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. చేయొచ్చు, అరగంటలో అయిపోతుంది. కానీ అది వేరే వంట, కేకులాగా పొడిపొడిగా విరుగుతుంది, పీచుగా సాగదు. అప్పటికప్పుడు తినేయాలి.

బేకరీ బన్ను మూడు రోజులు మెత్తగా ఉంటుంది, ఇంటిది ఎందుకుండదని మీకు అనిపించవచ్చు. చాలా బేకరీల్లో పిండిలో ఇంప్రూవర్ అని, మెత్తదనం నిలిపే పొడి కలుపుతారు, బూజు రాకుండా కాల్షియం ప్రొపియోనేట్ వేస్తారు. ఇవి అనుమతి ఉన్నవే. పొటాషియం బ్రోమేట్ అనేది కూడా ఒకప్పుడు వాడేవాళ్లు, ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్‌ఈ) అనే సంస్థ పరీక్షల్లో బ్రెడ్లలో అది బయటపడ్డాక 2016లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని నిషేధించింది. మనం వేసేది పాలు, వెన్న, గంజి మాత్రమే. వాటితో మర్నాటి సాయంత్రం దాకా మెత్తగా ఉంటే చాలా మంచి బన్ను చేసినట్టు.

నిలవ గురించి ఒక్కటే గట్టిగా చెప్తాను: బన్నుల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఉడికిన పిండి చల్లారాక మెల్లగా మళ్లీ గట్టిపడుతూ ఉంటుంది, ఆ మార్పు ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. బయట మూత డబ్బాలో ఒకరోజు ఉంచండి. మన తేమకి మూడో రోజుకి బూజు పట్టే అవకాశం ఉంది కాబట్టి మిగిలినవి పూర్తిగా చల్లారాక కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, రెండు మూడు వారాలు బాగుంటాయి. తినేముందు బయట పెట్టి, మంచు వదిలాక పైన నీళ్లు చిలకరించి, ఫాయిల్‌లో గట్టిగా చుట్టి 150 డిగ్రీల మీద మూడు నాలుగు నిమిషాలు వేడి చేస్తే చేసిన రోజులాగే ఉంటాయి.

ఇంట్లో మనుషులు ఎక్కువైతే కొలతలు రెట్టింపు చేసి ఒకే గిన్నెలో కుక్కకండి. ఉండలు పెద్దవై కాయిల్‌కి దగ్గరవుతాయి, నడుమ మళ్లీ పచ్చిగా మిగులుతుంది. పిండి ఒకేసారి రెట్టింపు కలిపి, సగం ముద్దని మొదటి పొంగు పూర్తి కాకముందే ఫ్రిజ్‌లో పెట్టి, మొదటి గిన్నె మెషిన్‌లోకి వెళ్లడానికి అరగంట ముందు తీసి ఉండలు చేసుకోండి. చల్లటి ముద్ద కాబట్టి రెండో పొంగుకి ఇంకో పావుగంట ఎక్కువ పడుతుంది.